దోషం వాల్వుదా, సెట్టుదా? అటక దిగిన మైకుసెట్టు కథ

కొడవలూరు: పెళ్ళయినా, తిరునాళ్ళయినా, శ్రీరామనవమి పందిరయినా, ఎన్నికల మీటింగయినా సన్నాయికంటే ముందు వూరంతటికీ వినిపించే మాట ఒకటుండేది. “హలో... హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ.” ఆ మాట చెవిన పడగానే పిల్లలం పరుగెత్తుకుని వెళ్ళి, తాటాకు పందిరి మూల బల్లమీద పెట్టిన ఇనప పెట్టె చుట్టూ మూగేవాళ్ళం. పెట్టె వెనకవైపు జాలీలోంచి చూస్తే లోపల నిప్పుకణికల్లా గాజుబుడ్లు వెలుగుతూ వుండేవి. దగ్గరకు పోతే ముఖానికి వేడి తగిలేది. కాలిన దుమ్ము వాసన వచ్చేది. “చెయ్యి పెట్టబాకండ్రా, చచ్చిపోతారు” అని మైకుసెట్టు ఆయన గదమాయించేవాడు. పిల్లల్ని బెదిరించడానికి అంటున్నాడనుకునేవాళ్ళం. అందులో బెదిరింపేమీ లేదని, వున్న మాటే అన్నాడని ఈమధ్యనే తెలిసివచ్చింది.

ఆ మైకుసెట్టు ఆయన మా పెదనాన్నే. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చాక బరువైన ఈ పెట్టెను అద్దెకు అడిగేవారు లేకపోయారు. పెదనాన్న దాన్ని గోనెపట్టాలో చుట్టి అటకమీద పెట్టించాడు. ఆయన పోయాడు. పెట్టె అక్కడే వుండిపోయింది.

ఆయన మనుమడు, అంటే మా అన్న కొడుకు, నెల్లూరులో కాలేజీకి పోతూ గిటారు నేర్చుకున్నాడు. మామూలు గిటారు కాదు, కరెంటు గిటారు. తీగ మీటితే పక్కనున్నవాడికి కూడా సరిగా వినపడదు. యాంప్లిఫయరుకు తగిలిస్తేనే దానికి గొంతు. గిటారు వాయించేవాళ్ళలో చాలామంది ఈనాటికీ ట్యూబు యాంప్లిఫయర్లకోసమే పడిచస్తారని, కొత్తది కొనాలంటే వేలకు వేలు పోయవలసి వుంటుందని వాడు ఎక్కడో తెలుసుకున్నాడు. ట్యూబన్నా, వాల్వన్నా ఒకటే. అమెరికావాళ్ళు ట్యూబంటారు, ఇంగ్లీషువాళ్ళు వాల్వంటారు, మన వూళ్ళలో రేడియో బల్బంటారు. ఇంకేముంది, తాత పెట్టె గుర్తుకొచ్చింది. అటకమీంచి దింపాడు, దుమ్ము దులిపాడు, ప్లగ్గు పెట్టాడు.

అయిదు నిముషాలకు పెట్టె తుమ్మెదలా హోరు మొదలెట్టింది. ఇంకో నిముషానికి పెద్ద వాల్వులు రెండింటిలో ఒకదాని లోపలి రేకు కమ్మరి కొలిమిలో కడ్డీలా ఎర్రబడింది. వాడు భయపడి ప్లగ్గు లాగేశాడు. అది మంచి పని.

పట్నంలో ఒక అంగడికి తీసుకుపోతే చూసి, అయిదు వాల్వులూ పోయాయన్నారు. ఇప్పుడెక్కడా దొరకవు, దొరికినా ఆ డబ్బుతో కొత్త సెట్టే వస్తుంది, పాత ఇనుముకు వేసుకోండి, లేదంటే ఇక్కడే వదిలిపెట్టిపోండి, ఏదో ఒకటి ఇస్తామన్నారు. ఆ అంగడి పేరు మనకెందుకు లెండి. చెప్పవలసిందల్లా, ఆ అయిదింటిలో నిజంగా పనికిరాకుండా పోయింది ఒక్కటే. అదికూడా ఎర్రబడిన వాల్వు కాదు.

వాల్వంటే మన ఫుట్ వాల్వే

ఈ సంగతి తేల్చిన పెద్దాయన ఒకప్పుడు టూరింగు టాకీసులో సౌండుపెట్టె చూసుకున్న మనిషి. తన పేరు పేపర్లో వేయవద్దన్నాడు. కోవూరు వైపునుంచి బస్సులో వచ్చి, మా వరండాలో చాప పరిపించుకుని, మధ్యాహ్నంనుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్నాడు. మొదట మా వాడికి అసలు ఆ గాజుబుడ్డి ఏం చేస్తుందో చెప్పాడు.

బోరుబావి మోటారు పైపు అడుగున ఫుట్ వాల్వు వుంటుంది. నీటిని పైకి పోనిస్తుంది, కిందికి రానివ్వదు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు గాలి తీసేసిన గాజుబుడ్డిలో ఇటువంటిదే చేశాడు. ఎర్రగా కాగిన కేథోడునుంచి ఎదురుగా వున్న ప్లేటువైపు కరెంటు నడుస్తుంది, వెనక్కు రాదు. అందుకే దానికి వాల్వని పేరు. రెండేళ్ళ తర్వాత అమెరికాలో డి ఫారెస్ట్ అనే ఆయన ఆ రెంటి మధ్య సన్నని తీగెల జాలీ ఒకటి పెట్టాడు. అదే గ్రిడ్డు. కనిగిరి రిజర్వాయరు కాలవ మీద తూము తలుపు వుంటుంది చూడండి, ఒక మనిషి కొద్దిగా పైకెత్తితే వందల ఎకరాలకు నీరు పోతుంది. గ్రిడ్డు కూడా అటువంటి తలుపే. మైకునుంచో, గిటారునుంచో వచ్చే పిసరంత కరెంటు ఆ తలుపును ఎత్తుతూ దించుతూ వుంటే, వెనకనున్న పెద్ద ప్రవాహం దాని తాళానికే ఆడుతుంది. హారను మోగేది ఆ పెద్ద ప్రవాహంతోనే.

మా సెట్టులో అయిదు వాల్వులు. మైకు గొంతును మొదట పెంచేవి చిన్నవి రెండు, ఇ.సి.సి. 83లు. స్పీకరును తోసేవి పెద్దవి రెండు, ఇ.ఎల్. 34లు. ఇంటి కరెంటును సెట్టుకు కావలసిన డి.సి.గా మార్చేది ఒకటి, జి.జెడ్. 34. ఈ పేర్లు చూసి బెదరనవసరం లేదు. ఐరోపా కంపెనీలు పెట్టుకున్న లెక్క అది. మొదటి అక్షరం ‘ఇ’ అయితే హీటరుకు 6.3 వోల్టులు, ‘జి’ అయితే 5 వోల్టులు. ‘సి.సి.’ అంటే ఒకే బుడ్డిలో రెండు ట్రయోడులు, ‘ఎల్’ అంటే స్పీకరును నడిపేది, ‘జెడ్’ అంటే కరెంటు మార్చేది. అంకె 3తో మొదలైతే ఎనిమిది కాళ్ళ లావు బేసు, 8తో మొదలైతే తొమ్మిది సన్న కాళ్ళు. అమెరికా పేర్లు వేరు. ఇ.సి.సి. 83నే వాళ్ళు 12 ఎ.ఎక్స్. 7 అంటారు. ఇ.ఎల్. 34ను 6 సి.ఎ. 7 అంటారు. కొనబోయేటప్పుడు ఈ సంగతి తెలిసివుంటే, వున్న సరుకును లేదని చెప్పించుకునే అగత్యం వుండదు.

1954లో బెంగుళూరులో నెలకొల్పిన భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా 1960 దశకంలో ఇటువంటి వాల్వులు తయారుచేసేది. ఆ రోజుల్లో మన రేడియోల్లోనూ, మైకుసెట్లలోనూ ఆ వాల్వులు చాలా వుండేవి.

మూత విప్పేముందు

పెద్దాయన తన కుడిచేతి చూపుడువేలు చూపించాడు. కొన దగ్గర తెల్లటి మచ్చ. ప్లగ్గు తీసేసిన సెట్టులో చెయ్యిపెట్టినందుకు మిగిలిన గుర్తట. “ప్లగ్గు పీకితే సచ్చిపోయిందనుకుంటావు అబ్బయా. అది నిద్రపోతా ఉండాది, అంతే” అన్నాడు.

వాల్వు సెట్టులో 400 వోల్టులకు అటూ ఇటూగా డి.సి. నడుస్తుంది. ఆ కరెంటును నిలవచేసే పెద్ద కండెన్సర్లు ప్లగ్గు తీశాక కూడా దాన్ని పట్టుకునే వుంటాయి. ఒక్కోసారి చాలాసేపు. వాటిని ఖాళీచేయనిదే లోపల చెయ్యి పెట్టకూడదు. స్క్రూడ్రైవరుతో ఠప్పున కలిపి మెరుపులు తెప్పించడం కొందరికి అలవాటు. అది మొరటు పని, కండెన్సరుకూ చేటు. పెద్దాయన పదివేల ఓముల లావు రెసిస్టరుకు రెండువైపులా ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులున్న వైర్లు కట్టివుంచుకున్నాడు. ఒక క్లిప్పు చాసీకి, రెండోది కండెన్సరు ప్లస్సుకు. అరనిముషం ఆగాడు. తర్వాత మీటరు పెట్టి సున్నాకు వచ్చిందని కళ్ళారా చూసుకున్నాకే వేలు పెట్టాడు.

సెట్టు నడుస్తుండగా కొలవవలసి వస్తే నల్లవైరు చాసీకి క్లిప్పు వేసి, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, కుడిచేత్తోనే రెండో వైరు తాకించాడు. రెండుచేతులూ పెడితే కరెంటు గుండెమీదుగా పోతుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు, కింద పొడి చాప, పక్కన ప్లగ్గు లాగడానికి ఒక మనిషి. ఈ జాగ్రత్తలు తెలియనివారు మూత విప్పనే వద్దు. కిందచెప్పబోయేవాటిలో కంటితో చూడటం, పెన్సిలుతో తట్టడం, ప్లగ్గు తీసి చల్లారాక వాల్వుల తావులు మార్చడం మాత్రం ఎవరైనా చేయగలిగిన పనులే. లోపల కొలిచే పని తెలిసినవాళ్ళకే వదిలేయండి.

ఇంకొక మాట. ట్రాన్సిస్టరు సెట్టుకు స్పీకరు వైర్లు ఒకదానికొకటి తగిలితే ముప్పు. వాల్వు సెట్టుకు సరిగ్గా తలకిందులు. స్పీకరు వైరు వూడివుండగా గట్టిగా మోగించారా, లోపలి అవుట్‌పుట్ ట్రాన్సుఫార్మరు కాలిపోతుంది. అది పోతే వాల్వు పోయినట్టు కాదు, సెట్టే పోయినట్టు.

మా వాడు చేసిన తప్పులు

ముందు పెద్దాయన సెట్టు వెనక చూసి తల పట్టుకున్నాడు. అక్కడ 200, 220, 240 అని మూడు తావులున్నాయి. మేకు 200లో వుంది. పాత రోజుల్లో సాయంత్రం దీపాలు పెట్టేవేళకు వూళ్ళో వోల్టేజి పడిపోయేది గనుక పెదనాన్న దాన్ని 200లో పెట్టి వుంటాడు. ఇప్పుడు మా ఇంట్లో మీటరు పెడితే 238 వచ్చింది. అంటే 6.3 వోల్టులు అందవలసిన హీటరుకు ఏడున్నర అందుతున్నదన్నమాట. ఎంత గట్టి వాల్వయినా అట్లా నడిపితే ఆయుష్షు తరిగిపోతుంది. ఇళ్ళలో పాత వాల్వు రేడియోలున్నవారు కూడా ప్లగ్గు పెట్టేముందు ఈ మేకు ఎక్కడుందో చూసుకోవాలి.

రెండో తప్పు, ఏళ్ళతరబడి నిద్రపోయిన సెట్టుకు ఒక్కసారిగా పూర్తి కరెంటు ఇవ్వడం. పెద్దాయన సంచిలోంచి సీరీసు బోర్డు తీశాడు. పాత మెకానిక్కులందరి దగ్గరా వుండేదే, సెట్టుకు వెళ్ళే వైరులో వంద వాట్ల బల్బు ఒకటి వరుసగా కలిపిన చెక్క. లోపల ఎక్కడైనా షార్టుంటే ఆ బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు మాత్రం కాలదు. దీనికి తీగె బల్బే కావాలి. ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. ఆ తీగె బల్బులు ఇప్పుడు వాల్వులంత అపురూపమైపోయాయని ఆయన నవ్వాడు.

అయిదు వాల్వులూ తీసేసి స్విచ్చి వేశాడు. బల్బు కనీకనపడకుండా వెలిగింది. ట్రాన్సుఫార్మరు బాగున్నదన్నమాట. చిన్నవి రెండూ పెట్టాడు, ఎర్రగా వెలిగాయి. జి.జెడ్. 34 పెట్టాడు, ఫరవాలేదు. ఫ్యూజు ఎగిరిపోతున్న సెట్టుకు కూడా ఇదే దారి. వాల్వులు తీసేసి ఒక్కొక్కటే పెట్టుకుంటూ రావాలి. దేన్ని పెట్టినప్పుడు ఫ్యూజు పోయిందో అక్కడ ఆగి చూడాలి.

కంటితో చూసేవి, చెవితో వినేవి

వాల్వు బతికివుందో లేదో మీటరు లేకుండానే సగం తెలుస్తుంది. బుడ్డి పైభాగంలోనో, పక్కనో లోపల వెండిపూతలాంటి మెరుపు వుంటుంది. మిగిలివున్న గాలిని మింగడానికి కంపెనీవాళ్ళు వేసిన మందు అది. ఆ మెరుపు పోయి సున్నం కొట్టినట్టు పాలతెలుపయిందా, గాజు ఎక్కడో చిట్లి లోపలికి గాలి పోయినట్టే. దాన్ని సెట్టులో పెట్టనవసరం లేదు. మావి అయిదూ వెండిలా మెరుస్తూనే వున్నాయి. అంగడిలో ఈ ఒక్కటి చూసినా అయిదూ పోయాయన్న మాట వచ్చివుండేది కాదు.

స్విచ్చి వేశాక లోపల తీగె వెలగకపోతే హీటరు తెగివుండవచ్చు, బేసులో కాలు సరిగా తగలక పోయివుండవచ్చు. వాల్వు తీసి మీటరుతో చూస్తే తెలుస్తుంది. ఇ.ఎల్. 34కు రెండు, ఏడు కాళ్ళ మధ్య, ఇ.సి.సి. 83కు నాలుగు, అయిదు కాళ్ళ మధ్య. కొద్ది ఓములు చూపితే హీటరు బాగున్నట్టు. మీటరు ముల్లు కదలకపోతే తెగినట్టు. కాళ్ళను అడుగువైపునుంచి చూస్తూ గడియారం తిరిగే దిక్కున లెక్కపెట్టాలి.

నీలంరంగు చూసి చాలామంది గాబరాపడతారు. గాజు లోపలి గోడమీద సన్నని నీలికాంతి ఆడుతూ వుంటే భయం లేదు, మంచి వాల్వుల్లోనూ అది వుంటుంది. మధ్యలో, రేకుల నడుమ, వూదారంగు పొగలా నిండితే మాత్రం లోపల వాయువు చేరినట్టు.

చిన్న వాల్వును పెన్సిలు వెనకవైపుతో మెల్లగా తట్టి వినాలి. స్పీకర్లో చిన్నగా ‘టిక్’ మంటే సహజం. గుడిగంటలా ‘ణంగ్’ మని సాగితే దాని లోపలి తీగెలు వదులైనాయన్నమాట. మా మొదటి ఇ.సి.సి. 83 అట్లాగే మోగింది. దాన్ని పారేయలేదు పెద్దాయన. రెండోదాని చోట దాన్ని, దాని చోట రెండోదాన్ని పెట్టాడు. మొదటి చోట పిసరంత చప్పుడు కూడా వందలరెట్లు పెరుగుతుంది, వెనకచోట అంత పెరగదు. గంట ఆగిపోయింది.

గరగర మాత్రం పోలేదు. దానికి కారణం సముద్రం. కొడవలూరు మండలంలో ఉప్పుగాలి తగలని ఇనుము ఎక్కడుంది? వాల్వుల కాళ్ళు మసకబారి వున్నాయి, బేసు రంధ్రాల్లో పచ్చటి చిలుము. దూదికి స్పిరిటు అద్ది కాళ్ళు తుడిచి, వదులైన బేసు రేకులను సూదితో దగ్గరకు నొక్కి, నాలుగుసార్లు పెట్టి తీశాడు. గరగర పోయింది. పట్నంలో పోయిందన్న వాల్వుల్లో రెండింటికి జరిగిన వైద్యం ఇంతే.

తావు మార్చి చూడు

ఇక మిగిలింది ఎర్రబడిన పెద్ద వాల్వు. మేము దాన్నే దొంగ అనుకుంటున్నాం. పెద్దాయన ఏమీ అనకుండా సెట్టు చల్లారనిచ్చి, రెండు ఇ.ఎల్. 34లనూ ఒకదాని చోట ఒకటి పెట్టి, స్విచ్చి వేసి రెప్పవాల్చకుండా చూశాడు. కాస్త ఆలస్యంగా ఎర్రదనం మొదలైంది. ఈసారి ఎర్రబడింది రెండో వాల్వు. అయితే అదే చోట. వెంటనే స్విచ్చి తీశాడు.

“బల్బుమీద నింద ఎయ్యబాక అబ్బయా. తావు మార్చి చూడు. జబ్బు బల్బుతో గూడా పోయిందనుకో, అది బల్బుది. ఉండేకాడే ఉండిందనుకో, సెట్టుది” అన్నాడు.

ఆ తర్వాత వాల్వులు రెండూ తీసేసి బేసులో అయిదో కాలు దగ్గర, అంటే గ్రిడ్డు దగ్గర, మీటరు పెట్టాడు. మంచి చోట మైనస్ 34 వోల్టులు. చెడ్డ చోట మైనస్ 11. ఈ మైనస్ వోల్టులే తూము తలుపును సగం దించి వుంచేవి. అవి తగ్గేసరికి తలుపు బార్లా తెరుచుకుని, ప్రవాహమంతా ప్లేటుమీద పడి అది కాలిపోతున్నది. తగ్గడానికి కారణం ముందు దశనుంచి వచ్చే కాగితపు కండెన్సరు. గొంతును మాత్రం పంపి డి.సి.ని ఆపవలసిన ఆ కాపలావాడు ముసలితనంతో కారిపోతున్నాడు. కొత్త ప్లాస్టిక్ కండెన్సరు ఒకటి వేస్తే మైనస్ 34 వచ్చింది. దాని ఖరీదు టీ నీళ్ళ ఖర్చుకు మించదు. దాన్ని మార్చకుండా కొత్త వాల్వుల జత కొని పెట్టివుంటే, అవికూడా ఒక్క సాయంత్రంలో ఎర్రబడి పోయేవి.

హోరు తగ్గించడానికి నిలవ కండెన్సర్లు కూడా మార్చాడు. ఎండిపోయిన నిలవ కండెన్సరు హోరు కొంచెం హెచ్చు స్వరంలో వుంటుందని, వాల్వు లోపల హీటరునుంచి లీకయ్యే కరెంటు హోరు దానికంటే మందరంగా వుంటుందని చెప్పాడు. మొదటిది సెకండుకు 100 సార్లు, రెండోది 50 సార్లు. హార్మోనియం తెలిసినవారికి ఇది సులభం, ఒక స్థాయి తేడా.

నిజంగా పోయిన వాల్వు

అంతా అయిపోయిందనుకున్నాం. సన్నని హోరు ఇంకా మిగిలింది, గట్టిగా వాయిస్తే గొంతు ఒకపక్కకు లాగినట్టుంది. పెద్దాయన ఒక్కో పెద్ద వాల్వు కేథోడుకు, అంటే ఎనిమిదో కాలికి, కిందివైపున పది ఓముల రెసిస్టరు వేసి దాని కొసల మధ్య వోల్టు కొలిచాడు. ఒకదానికి 0.38, రెండోదానికి 0.21. పదితో భాగిస్తే ఒకదానిలో 38 మిల్లీయాంపియర్లు, రెండోదానిలో 21. ప్లేటుకు 400 వోల్టులున్నాయి గనుక మొదటిది సుమారు 15 వాట్ల బరువు మోస్తున్నది. ఇ.ఎల్. 34 మోయగలిగింది 25 వాట్లు. కాబట్టి దానికి ఇబ్బందేమీ లేదు. రెండోది పని తప్పించుకుంటున్నది. మళ్ళీ తావులు మార్చాడు. ఈసారి 21 ఆ వాల్వుతోపాటే నడిచివెళ్ళింది.

అంటే ముసలిదైపోయింది, మా ఇంట్లో తొలిరోజు నిప్పులా ఎర్రబడిన వాల్వు కాదు. దానిపక్కన ఏమీ ఎరగనట్టు కూర్చున్నది. రెండు ఎద్దులు సమంగా లాగితేనే బండి తిన్నగా పోయినట్టు, ఈ రెండూ సమంగా లాగితేనే హోరు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకని వీటిని జతగానే కొనాలి, కొలిచి జతచేసినవి అడిగి కొనాలి.

కొత్తవి దొరకవన్న మాట నిజం కాదు. స్లొవేకియాలో, రష్యాలో, చైనాలో ఈనాటికీ తయారవుతున్నాయి. కొంటున్నవాళ్ళలో ఎక్కువమంది గిటారు వాయించేవాళ్ళే. మూతపడిన పాత ఫ్యాక్టరీల సరుకు, ముఖ్యంగా ఇంగ్లండులో బ్లాక్‌బర్న్ ఫ్యాక్టరీలో చేసిన ములార్డు వాల్వులవంటివి, వాడకుండా మిగిలివుంటే ప్రపంచమంతటా గిరాకీ. కనుక అటకలమీద, గుళ్ళ కొట్టుగదుల్లో, పాత రేడియో మెకానిక్కుల అంగళ్ళలో డబ్బాల్లో పడివున్న వాల్వులను ప్లాస్టిక్ బిందెకు మారకం వేసేముందు పేరు చదివి చూసుకోవడం మంచిది. పాత సామాను కొనేవాడు తూకం వేసేది ట్రాన్సుఫార్మరులోని రాగిని మాత్రమే.

ఫుల్లర్టన్ మైకుసెట్టు ఆయన

అసలు మైకుసెట్టుకూ, గిటారుకూ ఏం సంబంధమని అడిగేవారుంటారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఫుల్లర్టన్ అనే వూళ్ళో లియో ఫెండర్ అనే ఆయన 1938లో రేడియో రిపేరు అంగడి పెట్టాడు. రేడియోలు బాగుచేసేవాడు, సొంతంగా మైకుసెట్లు తయారుచేసి మీటింగులకూ, పాటకచేరీలకూ అద్దెకిచ్చేవాడు. మా పెదనాన్న చేసిన పనే. ఆ పనిలోంచే గిటారు యాంప్లిఫయర్లకు, తర్వాత గిటార్లకు మళ్ళాడు. ఆయన పేరుతో వచ్చే గిటార్లు ప్రపంచమంతా వాయిస్తున్నారు, ఆయనకు మాత్రం గిటారు వాయించడం రాదు. ఆయన యాంప్లిఫయరు ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని 1962లో లండనులో జిమ్ మార్షల్ తన సెట్లు మొదలుపెట్టాడు. మార్షల్ సెట్లలో తర్వాత చేరింది మా పెట్టెలో వున్న ఇ.ఎల్. 34లే.

ఒక్కటే తేడా. హరికథ చెప్పే దాసుగారి గొంతు మైకులో పగిలితే పెదనాన్న చీవాట్లు తినేవాడు. గిటారు కుర్రవాళ్ళకు ఆ పగులే కావాలి. వాల్వు తన శక్తికి మించి తోయబడినప్పుడు గొంతు ఒక్కసారిగా విరగకుండా మెత్తగా బొంగురుపోతుంది. ఆ బొంగురుకోసమే వాళ్ళు వేలు పోస్తున్నారు.

అయితే గిటారు తగిలించేముందు పెద్దాయన ఒక పని చేయనిదే కదలలేదు. పెదనాన్న సెట్టుకు రెండు కాళ్ళ ప్లగ్గుంది. దాన్ని కోసిపారేసి, మూడు కాళ్ళ ప్లగ్గు వేసి, ఎర్తువైరు చాసీకి బిగించాడు. ఇంట్లో ఎర్తు నిజంగా భూమిలోకి పోతున్నదో లేదో కూడా చూశాడు. గిటారు తీగెలు వైరుద్వారా చాసీకి కలిసివుంటాయి. చాసీకి కరెంటు పాకితే తీగెలకూ పాకినట్టే. అప్పుడు ఒకచేత్తో తీగెలు, ఇంకోచేత్తో వేరే సెట్టు మైకు పట్టుకుంటే మనిషి మధ్యలో తీగె అయిపోతాడు. 1972 మే 3న బ్రిటనులోని స్వాన్సీ పట్నంలో లెస్లీ హార్వే అనే గిటారు కళాకారుడు వేదికమీద ఎర్తు లేని మైకు పట్టుకుని అక్కడికక్కడే చనిపోయాడు. మన పందిళ్ళలో రెండు కాళ్ళ ప్లగ్గులు, అతుకుల వైర్లు, తడినేల గురించి వేరే చెప్పాలా?

హారనుకు గిటారు వద్దని కూడా అన్నాడు. మందరస్వరాలకు హారను లోపలి యూనిట్టు నిలవదు. పన్నెండంగుళాల పెట్టె స్పీకరు తెచ్చి, దాని ఓములెన్నో చూసి సెట్టు వెనక అదే ఓముల తావులో బిగించమన్నాడు.

ఆరోజు ఖర్చు కండెన్సర్లకు, ప్లగ్గుకు, స్పిరిటుకు కలిపి కొన్ని వందల్లో తేలిపోయింది. కొత్త జతకు డబ్బు పంపాము. ఇది రాసేనాటికి అవింకా రాలేదు. ఈలోగా మా వాడు పాత జతతోనే, గొంతు సగానికి మించి పెంచకుండా, సాయంత్రాలు వాయిస్తున్నాడు. మొన్న కోవూరునుంచి వచ్చిన చుట్టాలతో పెద్దాయన మళ్ళీ కబురు చేశాడు. స్పీకరు తగిలించిందీ లేనిదీ వేలుపెట్టి చూసుకున్నాకనే స్విచ్చి వేయమని.